ఇంట్లో పెంచడానికి మంచి వాసన ఉన్న ఆర్కిడ్ ఏది?

మీరు అడిగింది ఇది: ఇంట్లో పనికొచ్చే కిటికీ తూర్పు వైపుది ఒక్కటే. ఉద్యోగం వల్ల పొద్దున వెళితే చీకటి పడ్డాకే ఇంటికి చేరతారు. ఇప్పటికే రెండు ఫెలనాప్సిస్ ఆర్కిడ్లు తెచ్చారు. పూలు రెండు నెలలు వాడకుండా నిలిచాయి కానీ ముక్కు ఆనించినా వాసన లేదు. ఈసారి కొనేది గది నిండా గుబాళించాలి, ఏది కొనాలి?

ఒక పేరు చెప్పి ఊరుకోవడం తేలికే. పద్దెనిమిదేళ్లుగా కిటికీల దగ్గర, బాల్కనీ తలుపుల పక్కన, దీపాల కింద ఆర్కిడ్లు పెంచుతున్నాను. పేరు మాత్రమే చెప్పి పంపినవాళ్లలో సగంమంది ఏడాది తిరిగేసరికి వచ్చి "మీరు చెప్పినదే కొన్నాం, వాసన రాలేదు" అన్నారు. వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో మొక్క బాగానే ఉంది, పువ్వు బాగానే ఉంది, వాసన కూడా ఉంది. అది వచ్చే వేళకు ఆ ఇంట్లో మనిషి లేడు, అంతే. కాబట్టి మొక్కల పేర్ల కంటే ముందు మీ దినచర్య గురించి మాట్లాడతాను, కొంచెం ఓపిక పట్టండి.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని సామెత. ఆర్కిడ్ల విషయంలో అది చెల్లదు. మొగ్గ విచ్చాక చాలా రకాలకు రెండు మూడు రోజులు గడిస్తే తప్ప వాసన పూర్తిగా రాదు. వచ్చాక కూడా రోజంతా ఉండదు. వాసన తయారుచేయడం మొక్కకు ఖర్చుతో కూడిన పని. తన పుప్పొడిని మోసుకెళ్లే పురుగు ఏ వేళకు తిరుగుతుందో ఆ వేళకే ఆ ఖర్చు పెడుతుంది. తేనెటీగల మీద ఆధారపడే పువ్వు ఎండ ఎక్కుతున్నప్పుడు వాసన వదులుతుంది, సాయంత్రానికి మూసేస్తుంది. రాత్రి ఎగిరే మాత్ పురుగుల కోసం పూసేది పగలంతా కాగితం పువ్వులా ఉండి, చీకటి పడ్డాక ఒక్కసారిగా గుప్పుమంటుంది.

పువ్వును చూసి ఇది ఎప్పటిదో కొంతవరకు ఊహించవచ్చు. తెలుపో లేత ఆకుపచ్చో రంగు, సన్నటి పొడవాటి రేకులు, వెనక తోకలా వేలాడే తేనె గొట్టం ఉంటే అది రాత్రి పువ్వు అయ్యే అవకాశం ఎక్కువ. ముదురు రంగులు, పెదవి (మిగతా రేకులకు భిన్నంగా ముందుకు ఉండే రేకు) మీద చుక్కలు, గీతలు ఉంటే పగటిది. పచ్చి మాంసం రంగులో నూగు నూగుగా ఉంటే మాత్రం దూరం జరగండి, అది ఈగల కోసం పూసేది. బల్బోఫిల్లం జాతిలో అలాంటివి చాలా ఉన్నాయి. బల్బోఫిల్లం ఫెలనాప్సిస్ అనే మొక్క మా ఇంట్లో మొదటిసారి పూసినప్పుడు, ఎలుక చచ్చిందనుకుని రెండు రోజులు బీరువాల వెనక వెతికాం. అది కూడా "వాసన ఉన్న ఆర్కిడ్" అనే చెప్పి అమ్మారు. చెప్పింది అబద్ధమేమీ కాదు.

మీ ఫెలనాప్సిస్‌ల సంగతికి వస్తాను. అంగళ్లలో దొరికే పెద్ద పూల తెల్ల ఫెలనాప్సిస్‌ల వంశం ఎక్కువగా ఫెలనాప్సిస్ అమాబిలిస్, దాని దగ్గరి జాతుల నుంచి వచ్చింది. మనిషి ముక్కుకు తెలిసే వాసన వాటికి దాదాపు లేదు. ఆ పైన తరాల తరబడి పెద్ద పువ్వు, గుండ్రటి రేకు, ఎక్కువ రోజుల నిలవ చూసి ఎంపిక చేస్తూ వచ్చారు. వాసన ఎవరూ అడగలేదు కనుక ఎవరూ వెతకలేదు. మీరు చేసిన తప్పేమీ లేదు. అన్నట్టు నీలం రంగు ఫెలనాప్సిస్ కనిపిస్తే మోజు పడకండి. కాడలోకి రంగు ఎక్కించి అమ్మేవే ఎక్కువ. తర్వాతి పూత తెల్లగా వస్తుంది, వాసన ఎలాగూ ఉండదు.

అయితే అదే జాతిలో పరిమళానికి పెట్టింది పేరైనవి ఉన్నాయి. బోర్నియో దీవి నుంచి వచ్చిన ఫెలనాప్సిస్ బెల్లీనా వాటిలో మొదటిది. 1995 వరకు దీన్ని ఫెలనాప్సిస్ వయోలేసియాలో ఒక రకంగానే లెక్కవేసేవారు, తర్వాత వేరు చేశారు. రెండూ పొట్టి మొక్కలు, వెడల్పాటి మెరిసే ఆకులు, అరచేతిలో ఇమిడే పూలు. వాసనలో మాత్రం ఇద్దరు వేరు మనుషులు. బెల్లీనాలో లినలూల్, జెరేనియాల్ అనే పరిమళ రసాయనాలు ఉంటాయి. అంటే గులాబీ, నిమ్మ కలిసిన తియ్యని చల్లటి వాసన. వయోలేసియాలో మసాలా ఘాటు ఎక్కువ, దాల్చినచెక్క గుర్తొస్తుంది. రెండూ పగటి పూలే. ఎండ వేళ బాగుంటాయి, రాత్రికి తగ్గిపోతాయి. ఇవి ఒకే కాడ చివర ఒకటి తర్వాత ఒకటిగా నెలల తరబడి పూస్తాయి కాబట్టి, పూలు రాలాయి కదా అని కాడ కత్తిరించకండి. పచ్చగా ఉన్నంతకాలం ఆ కాడ బతికే ఉన్నట్టు. నేను మొదటి బెల్లీనాకు మూడుసార్లు కాడ కోసి, ఇది ఏడాదికి ఒక్క పువ్వే పూసే పిసినారి మొక్క అని అందరికీ చెప్పుకుని తిరిగాను.

మీలాగా చీకటి పడ్డాక ఇల్లు చేరేవారికి నేను మొదట సూచించేది మాత్రం బ్రాసవోలా నోడోసా. మెక్సికో నుంచి దక్షిణ అమెరికా ఉత్తర తీరం వరకు పెరుగుతుంది. సముద్రం ఒడ్డున మడ చెట్ల మీద, బండల మీద కూడా కనిపిస్తుంది. అంటే ఎండకు, ఉప్పు గాలికి, కొంత అశ్రద్ధకు తట్టుకునే గట్టి పిండం. ఆకులు పెన్సిల్ లావున గుండ్రంగా, గట్టిగా ఉంటాయి. పువ్వు లేత ఆకుపచ్చ, పెదవి మాత్రం తెల్లటి హృదయం ఆకారంలో ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన మొదటి ఏడాది అది పూసింది. నాలుగు రోజులు పొద్దున్నే కాఫీ కప్పుతో దాని ముందు నిలబడి వాసన చూశాను. ఏమీ లేదు. మోసపోయాననుకుని దాన్ని మా అక్కకు ఇచ్చేద్దామని గుమ్మం దగ్గర పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టక మంచినీళ్ల కోసం లేస్తే గుమ్మం వైపు నుంచి నిమ్మపూలు, మల్లె కలిపినట్టు ఒక వాసన. దీపం వేయకుండా ఆ వాసన పట్టుకునే నడిచి వెళ్లాను. మొక్క ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అక్కకు వేరేది కొనిచ్చాను.

దీని సంకరాల్లో బ్రాసవోలా లిటిల్ స్టార్స్ అనేది ఇంకా సులువు. పూత విరివిగా వస్తుంది, రాత్రి వాసన అలాగే ఉంటుంది. తూర్పు కిటికీలో నేరుగా రెండు మూడు గంటల ఎండ పడేటట్లయితే ఇది మీ ఇంటికి సరిపోతుంది. ఎండ అంతకంటే తక్కువైతే ఆకులు బాగానే పెరుగుతాయి, పువ్వు రాదు.

రాత్రి పూలలో నాకు ఎక్కువ ఇష్టమైనది నియోఫినేషియా ఫాల్కేటా. ఇప్పుడు దీన్ని వాండా జాతిలో చేర్చి వాండా ఫాల్కేటా అంటున్నారు, అమ్మకందారుల చీటీల మీద రెండు పేర్లూ ఉంటాయి. జపానులో దీన్ని గాలి ఆర్కిడ్ అంటారు. అక్కడ ఎడో కాలంలోనే (1603–1868) ప్రభువులు, సమురాయ్ యోధులు దీన్ని అపురూపంగా పెంచుకునేవారు. మొక్క జానెడు కూడా ఉండదు. విసనకర్రలా రెండు వైపులా పేర్చిన ఆకులు, వాటి మధ్య నుంచి తెల్లటి పూలు, ఒక్కో పువ్వు వెనక వంపు తిరిగిన సన్నటి తేనె గొట్టం. పూయని రోజుల్లో కూడా చూడముచ్చటగా ఉంటుంది, అందుకే అక్కడ ఆకు ఆకారాన్ని, ఆకు మీది చారలను బట్టి కూడా రకాలు వేరు చేసి సేకరిస్తారు. సంప్రదాయంగా దీన్ని నాచుతో చేసిన, లోపల బోలుగా ఉండే గుమ్మటం మీద కూర్చోబెడతారు. వేర్లకు తడి, గాలి రెండూ అందడానికి అంతకంటే మంచి ఉపాయం నేను చూడలేదు. చలికాలంలో నీళ్లు బాగా తగ్గించి కాస్త చల్లగా ఉంచితే ఎండాకాలంలో పూస్తుంది. కిటికీ గట్టు ఇరుకుగా ఉన్నవారికి ఇంతకంటే పొందికైన మొక్క దొరకదు.

ఇక రాత్రి పూలలో చరిత్రకెక్కినది మడగాస్కర్ దీవికి చెందిన ఆంగ్రేకం సెస్క్విపెడేల్. దాని తేనె గొట్టం సుమారు 30 సెంటీమీటర్లు. 1862లో చార్లెస్ డార్విన్ ఈ పువ్వును చూసి, ఇంత లోతున ఉన్న తేనెను అందుకోగల పొడవాటి నాలుక ఉన్న మాత్ ఒకటి ఆ దీవిలో ఉండి తీరాలని రాశాడు. అలాంటి మాత్‌ను శాస్త్రవేత్తలు గుర్తించి వర్ణించింది 1903లో, అప్పటికి డార్విన్ పోయి ఇరవై ఏళ్లు దాటింది. కథ ఎంత గొప్పదైనా దాన్ని మీ కిటికీకి సిఫారసు చేయను. మొక్క పెద్దది, నెమ్మదిగా పెరుగుతుంది, కుండీ మార్చి వేర్లు కదిలిస్తే ఏళ్ల తరబడి అలుగుతుంది. అంత కావాలనిపిస్తే అదే జాతిలోని చిన్న మొక్క ఆంగ్రేకం డిడియేరి చూడండి.

పగలు ఇంట్లో ఉండేవారు ఎవరైనా ఉంటే, లేదా సెలవు రోజులకోసమే ఒకటి కావాలనుకుంటే, దారి వేరు. అప్పుడు అందరూ చెప్పేది ఆన్సిడియం షారీ బేబీ. చాక్లెట్ వాసన అని ప్రచారం. నిజమే, చాక్లెట్‌కు వెనిల్లా కలిపిన వాసన వస్తుంది, మధ్యాహ్నం వేళ ఇంకా బాగా వస్తుంది, మబ్బు పట్టిన రోజు మందగిస్తుంది. ఒక్క కాడకు పదుల కొద్దీ చిన్న చిన్న పూలు. అయితే మూడు సంగతులు అమ్మేవారు చెప్పరు. మొక్క పెద్దదవుతుంది, పూలకాడ మీటరుకు దగ్గరగా పొడవు పెరుగుతుంది కాబట్టి కిటికీ గట్టు మీద నిలవదు. వెలుగు బాగా కావాలి. ఆకుల మీద నల్లటి గోధుమరంగు చుక్కలు వస్తాయి. ఆ చుక్కలు ఈ సంకరంతో పుట్టిన గుణం, మొక్కకు హాని లేదు. ఇది తెలియక నేను మందు మీద మందు కొట్టి ఆకులు మాడ్చాను. చోటు తక్కువైతే దాని చిన్న బంధువు ఆన్సిడియం ట్వింకిల్ మేలు. జానెడు మొక్క, నురగలా విరబూస్తుంది, తేనె వెనిల్లా కలిసిన వాసన. వేర్లు మరీ సన్నగా ఉంటాయి కాబట్టి మాధ్యమం, అంటే కుండీలో మట్టి బదులు వేసేది, పూర్తిగా ఎండిపోనివ్వకూడదు.

మాక్సిల్లారియా టెన్యుఫోలియా పేరు మీరు విని ఉండకపోవచ్చు. గడ్డి దుబ్బులా ఉంటుంది, పూలు ముదురు ఎరుపు, ఆకుల మధ్య దాక్కుని ఉంటాయి. దూరం నుంచి చూసినవారు పూసిందని కూడా గమనించరు. దగ్గరికి వెళితే అచ్చం కొబ్బరి వాసన. "కొబ్బరిలా ఉంటుంది" అని కాదు, అప్పుడే కొబ్బరికాయ కొట్టినట్టే ఉంటుంది. తప్పులు క్షమించే మొక్క. దాని దుంపకాడ మెట్లెక్కినట్టు పైకి పాకుతూ కుండీ వదిలి గాలిలోకి వెళ్లిపోతుంది, అది దాని పద్ధతి. పక్కన చిన్న కర్ర పాతి దానికి నాచు చుట్టండి, లేకపోతే పైన వచ్చే కొత్త వేర్లకు తడి అందదు.

కాట్లియాల గురించి మాట్లాడటం మొదలుపెడితే నేను ఆగను కాబట్టి కొద్దిగానే చెబుతాను. ఇళ్లలో పెంచేవాటిలో పువ్వు పరిమాణం, వాసన రెండూ కలిసొచ్చేది ఈ జాతిలోనే. కిటికీకి కాట్లియా వాకరియానా సరిపోతుంది. బ్రెజిల్ మొక్క, పొట్టిది, పువ్వు మాత్రం మొక్కంత ఉంటుంది. ఉదయం పూట బాగా పరిమళిస్తుంది. పొద్దున ఇల్లు వదిలే ముందు ఆ గంట మీకు దొరికితే సరే. ఇది తడి వేర్లను అస్సలు సహించదు. చెక్క బెరడు పలక మీద కట్టి పెంచితే బాగుంటుంది, కుండీలో పెడితే పెద్ద ముక్కల మాధ్యమం వేయాలి. కాట్లియా సంకరాలు కొనేటప్పుడు మాత్రం "ఈ జాతికి వాసన ఉంటుంది కదా" అని నమ్మకండి. ఎర్రటి, నారింజ రంగు చిన్న సంకరాల్లో చాలావాటికి వాసన లేదు, ఎందుకంటే ఆ ఎరుపు పక్షుల కోసం పూసే జాతుల నుంచి వచ్చింది. పక్షులకు వాసనతో పెద్దగా పని లేదు కాబట్టి ఆ జాతులు దాన్ని పెంచుకోలేదు.

పేర్లను నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి డెండ్రోబియం అనోస్మం కంటే మంచి ఉదాహరణ లేదు. గ్రీకు మూలం ఉన్న ఆ పేరుకు అర్థం "వాసన లేనిది". 1845లో ఇంగ్లండుకు చెందిన వృక్షశాస్త్రవేత్త జాన్ లిండ్లీ ఆ పేరు పెట్టాడు, ఆయన చేతికి వచ్చిన మొక్కకు వాసన లేదట. నిజానికి రాస్ప్‌బెరీ పండు వాసనతో గదంతా నింపే మొక్క అది. కాడలు మీటరు దాటి వేలాడతాయి, చలికాలంలో ఆకులు రాల్చి మోడైపోతుంది. ఆ రెండు మూడు నెలలు నీళ్లు దాదాపు ఆపేయాలి. మొక్క చచ్చిపోయిందని జాలిపడి నీళ్లు పోసేవారే దాన్ని చంపుతారు. వేలాడదీయడానికి ఎత్తైన చోటు ఉంటేనే తెచ్చుకోండి.

జైగోపెటాలం, డెండ్రోబియం కింగియానం, కోయిలోజైన్ క్రిస్టాటా లాంటివి కూడా ఇలాంటి జాబితాల్లో కనిపిస్తాయి. మంచి వాసనే. అయితే వీటికి, ముఖ్యంగా చివరి రెండింటికి, చలికాలం రాత్రులు 10 నుంచి 14 డిగ్రీల దాకా పడిపోవాలి. రాత్రిళ్లు 20 డిగ్రీలు తగ్గని ఇంట్లో అవి ఆకులు పెంచుకుంటూ కూర్చుంటాయి. మీ ఇల్లు ఏడాదంతా వెచ్చగా ఉండేదైతే వీటి జోలికి వెళ్లకండి. గడ్డి ఆకుల సింబిడియం ఎన్సిఫోలియం మాత్రం వెచ్చదనాన్ని ఓర్చుకుంటుంది. పువ్వు పెద్ద అందగత్తె కాదు, లేత ఆకుపచ్చ మీద ఎర్ర గీతలు, కానీ ఒక్క కాడ చాలు గదికి. చైనాలో శతాబ్దాలుగా దీన్ని రంగు చూసి కాదు, వాసన కోసమే పెంచుతున్నారు.

స్టాన్‌హోపియా వద్దు. వాసన గొప్పది, పూలు మూడు రోజులే. పైగా కాడ కిందికి, మాధ్యమంలోంచి బయటికి దిగుతుంది, చువ్వల బుట్టలో పెంచకపోతే మొగ్గలు కుండీ అడుగునే కుళ్లిపోతాయి. వెనిల్లా తీగ కూడా వద్దు. ఎండబెట్టి పక్వం చేసిన కాయకు వచ్చే ఆ వాసన పువ్వుకు ఉండదు, తీగ పూయడానికి కొన్ని మీటర్లు పాకాలి, పువ్వు ఒక్క పూటకే వాడిపోతుంది.

ఇప్పుడు వెలుగు సంగతి. మనిషి కన్ను మోసం చేస్తుంది. వెలుగును లక్సుల్లో కొలుస్తారు. మనకు వెలుతురుగా అనిపించే గది మధ్యలో 300 నుంచి 500 లక్సుల వెలుగు ఉంటుంది. ఫెలనాప్సిస్ పూయడానికి సుమారు 10 వేల నుంచి 15 వేలు, కాట్లియా, బ్రాసవోలాలకు 20 వేల నుంచి 30 వేల లక్సులు కావాలి. నడి ఎండ లక్ష వరకు ఉంటుంది. ఫోన్‌లో వెలుగును కొలిచే యాప్ పెట్టుకుని, మొక్క ఆకు ఉండబోయే చోటే ఫోను ఉంచి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూడండి. అంకెలు కచ్చితంగా ఉండవు కానీ కిటికీకి అడుగు దూరం జరిగితే వెలుగు ఎంత పడిపోతుందో చూసి ఆశ్చర్యపోతారు. కొలిచే ఓపిక లేకపోతే ఆకును అడగండి. ముదురు ఆకుపచ్చగా, మెత్తగా వాలి ఉంటే వెలుగు చాలట్లేదు. కాస్త పసుపు కలిసిన లేత ఆకుపచ్చ ఉంటే సరిపోయింది. ఎర్రబారితే అంచున ఉంది, ముట్టుకుంటే ఆకు వేడిగా తగిలితే వెంటనే జరపాలి.

వెలుగు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. తక్కువ వెలుగులో ఉన్న మొక్క ఎలాగోలా ఒక పువ్వు పూసినా దానికి వాసన పల్చగా ఉంటుంది. వాసన తయారుచేయడానికి కావలసిన సరుకు ఆకులోనే రావాలి. ఒకే మొక్కను చీల్చి రెండు కిటికీల్లో పెట్టి చూశాను. ఎండ బాగా తగిలే కిటికీలో ఉన్నది గది అవతలకు తెలిసింది, రెండోదాని దగ్గరకు ముక్కు తీసుకెళ్లాల్సి వచ్చింది. కిటికీ చాలకపోతే ఎల్ఈడీ దీపం రోజుకు 12 గంటలు పెట్టండి, రాత్రి మాత్రం ఆర్పేయండి. రాత్రి పూలున్న గదిలో అర్ధరాత్రి దాకా పెద్ద దీపం వెలుగుతూ ఉంటే వాసన ఆలస్యంగా మొదలవడం నేను గమనించాను.

నీళ్ల గురించి ఒక్క మాట. ఇంట్లో చచ్చిపోయే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం దాహంతో కాదు, మునిగి చస్తాయి. వేరు మీద తెల్లటి స్పంజి పొర ఉంటుంది, తడిస్తే ఆకుపచ్చగా మారుతుంది, ఆరితే వెండి రంగుకు వస్తుంది. పారదర్శకమైన కుండీ వాడితే అది కనిపిస్తూనే ఉంటుంది. వెండి రంగు వచ్చాక పోయండి, ధారగా పోసి అడుగు నుంచి పూర్తిగా కారిపోనివ్వండి. పళ్లెంలో నీళ్లు నిలవకూడదు. మాధ్యమంగా బెరడు ముక్కలు, కొంచెం బొగ్గు చాలు, రెండేళ్లకొకసారి మార్చండి. తేమ 50 నుంచి 70 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. ఎరువు చాలా పల్చగా, మామూలు మోతాదులో నాలుగో వంతు, వారానికొకసారి.

కొనేటప్పుడు సాధ్యమైతే పువ్వుతో ఉన్నదే కొనండి, దాని వేళకే వెళ్లి వాసన చూడండి. పగటి పువ్వును ఎండెక్కాక, అది కూడా విచ్చి మూడు రోజులైన దాన్ని చూడాలి. రాత్రి పువ్వు విషయంలో ఇది కుదరదు, అక్కడ చీటీయే ఆధారం. చీటీ మీద సంకరం పేరు తర్వాత ఒంటి కోట్స్‌లో ఇంకో పేరు ఉంటే, ఉదాహరణకు షారీ బేబీ 'స్వీట్ ఫ్రాగ్రెన్స్', అది ఒకే మొక్క నుంచి కణజాల పద్ధతిలో పెంచిన నకలు. వాసన ముందే తెలిసినదే వస్తుంది. ఆ రెండో పేరు లేకుండా ఇద్దరు తల్లిదండ్రుల పేర్ల మధ్య గుణకారం గుర్తు మాత్రమే ఉంటే అవి విత్తనం నుంచి వచ్చిన తోబుట్టువులు. ఒకదానికి తల్లి వాసన రావచ్చు, పక్కదానికి ఏమీ రాకపోవచ్చు. విత్తనాలు అని అమ్మేవి కొనకండి. ఆర్కిడ్ విత్తనం ధూళిలాంటిది, ప్రయోగశాల సీసాలో తప్ప ఇంట్లో మొలవదు. అడవి నుంచి పీకి తెచ్చినవి కూడా కొనవద్దు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం, అడవి మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఉంది. దాని సంగతి పక్కన పెట్టినా, చెట్టు నుంచి ఊడదీసిన వేర్లు ఇంట్లో చాలావరకు బతకవు. పిల్ల మొక్క చవకగా దొరికినా పూతకు వచ్చినదే తీసుకోండి. కాట్లియా పిల్ల పువ్వు చూపించడానికి నాలుగైదేళ్లు పట్టవచ్చు.

మొగ్గలున్న మొక్కను ఇంటికి తెచ్చాక అటూ ఇటూ తిప్పకండి. పండ్ల బుట్ట పక్కన పెట్టకండి, పండే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు మొగ్గలు పసుపెక్కి రాలిపోతాయి.

ఇంకొకటి, అందరి ముక్కూ ఒకటి కాదు. మా వాకరియానాలో నాకు దాల్చినచెక్క, మా అక్కకు సబ్బు. ఒక స్నేహితుడికి ఏమీ తెలియలేదు, పక్కనే ఉన్న బ్రాసవోలా మాత్రం తలనొప్పి తెప్పించింది. ఘాటైన వాసన పడనివారు ఇంట్లో ఉంటే రాత్రి పూసే మొక్కను పడకగదిలో పెట్టవద్దు. హాల్లోనో, గాలి ఆడే నడవాలోనో ఉంచితే దాటుతున్నప్పుడు వాసన తగులుతుంది. నిజానికి అలాగే బాగుంటుంది, ఎందుకంటే అదే గదిలో పావుగంట కూర్చుంటే ముక్కు అలవాటు పడిపోయి వాసన పోయిందనిపిస్తుంది.

కాబట్టి మీ ఇంటికి: తూర్పు కిటికీలో నేరుగా రెండు మూడు గంటల ఎండ ఉంటే బ్రాసవోలా లిటిల్ స్టార్స్ ఒకటి. ఎండ అంత లేకపోతే దాని బదులు వాండా ఫాల్కేటా, వెలుగు మరీ తగ్గితే పూత తగ్గుతుందని తెలిసే కొనండి. సెలవు రోజు మధ్యాహ్నాలకు ఫెలనాప్సిస్ బెల్లీనా. రెండింటికి మించి మొదటి ఏడాది కొనవద్దు.

మీ దగ్గరున్న ఆ వాసన లేని రెండు ఫెలనాప్సిస్‌లను మాత్రం పారేయకండి. అవి రెండు నెలలు పువ్వు నిలిపాయంటే మీ గదిలో వేడి, తేమ వాటికి పడ్డాయని అర్థం. వచ్చే ఏడాది అదే కిటికీలో అవి మళ్లీ కాడ వేస్తే వెలుగు కూడా చాలినట్టే. అప్పుడు ధైర్యంగా బెల్లీనా తెచ్చి వాటి పక్కనే పెట్టండి. కాడ వేయకపోతే కొత్త మొక్క కొనే ముందు దీపం కొనండి.